సెకండ్ షోలో సూపర్ హీరో

మన జిల్లా హాళ్ళలో సినిమా ఎప్పుడు అయిపోయిందో చెప్పేది డైరెక్టరు కాదు, గేటు దగ్గర నిలబడ్డ మనిషి. విలన్ కింద పడి హీరో ఇటు తిరిగేసరికి పక్క తలుపులు బార్లా తెరుచుకుంటాయి, బయట ట్యూబ్‌లైటు వెలుగొచ్చి సగం తెర మీద పడుతుంది, స్టాండులో బండి ఇరుక్కుపోతుందన్న టెన్షన్‌తో వెనక వరసలు అప్పటికే లేచి ఉంటాయి. పేర్లు పడుతుంటే కూర్చుని చదివే అలవాటు మనకి ఎప్పుడూ లేదు. అలాంటి చోటుకి అమెరికాలో సూపర్ హీరో సినిమాలు తీసే మార్వెల్ వాళ్ళు, పది నిమిషాల పేర్లు అయ్యాక ఆఖర్న ఇంకో సీను అతికించి పంపిస్తారు.

వాళ్ళ 'ఎవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' 2018 ఏప్రిల్ నెలాఖర్లో వచ్చింది. నేను దాన్ని అనకాపల్లిలో ఒక పాత హాల్లో తెలుగు డబ్బింగులో సెకండ్ షో చూశాను. పేర్లు మొదలవగానే లైట్లు వేసేశారు. కాలేజీ కుర్రాళ్ళు నలుగురైదుగురు కేబిన్ కిటికీ వైపు తిరిగి "అన్నా, ఆపకన్నా, ఆఖర్న ఇంకా ఉంది" అని ఒకటే గోల. చీపురు పట్టుకుని వచ్చినాయన వాళ్ళని ఎగాదిగా చూసి "ఇంకేటుంది బాబూ, అందరూ పోనారు కదా" అన్నాడు. ఆ సినిమా చూసినవాళ్ళకి తెలుసు ఈ మాట ఎంత కరెక్టో. సగం మంది హీరోలు బూడిదై గాల్లో కలిసిపోయారు, ఇంక ఎవరి కోసం కూర్చోవాలి? బొమ్మ ఆపేశారు. ఆ ఆఖరి సీను తర్వాత ఫోన్లో చూసుకున్నాను.

వైజాగ్‌లో ఉంటూ, బీచ్ రోడ్డు మీదే మల్టీప్లెక్స్ పెట్టుకుని, సినిమా కోసం బండేసుకుని అనకాపల్లో విజయనగరమో పోవడమేంటి అని మా ఫ్రెండ్స్ నన్ను ఎప్పుడూ ఏడిపిస్తారు. పైగా ఇంగ్లీషు సినిమా కోసం. వాళ్ళ లెక్కలో సూపర్ హీరో సినిమా అంటే రిక్లైనర్ సీటు, త్రీడీ కళ్ళజోడు, మూడొందల పాప్‌కార్న్. కుటుంబ కథలు, కొట్లాటలు అయితే ఊళ్ళో చూడొచ్చు, ఇవి మాత్రం సిటీ సరుకు అంటారు. నాకు ఇన్నేళ్ళలో అర్థమైంది దానికి తిరగేసి ఉంది. గాల్లో ఎగిరే మనిషిని ఏ వివరణా అడక్కుండా నమ్మే ప్రేక్షకుడు ఎక్కడైనా ఉన్నాడంటే అతను ఊరి హాల్లో రెండో వరసలోనే ఉన్నాడు. సిటీలో నా పక్కన కూర్చునేవాడు ఇది ఏ టైమ్‌లైన్, ఇది ఏ యూనివర్స్ అని గూగుల్ చేస్తుంటాడు.

కొంచెం వెనక్కి వెళ్తాను. వైజాగ్ వాళ్ళకి ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్. జగదాంబ సెంటర్‌కి ఆ పేరే జగదాంబ థియేటర్ వల్ల వచ్చింది, అంటే ఈ ఊళ్ళో బస్సు కండక్టరు పిలిచే స్టాపు కూడా సినిమా హాలే. అలాంటి ఊళ్ళో పెరిగితే పెద్ద తెర పిచ్చి పట్టకుండా ఎలా ఉంటుంది. కానీ సిటీ దాటి ఒక గంట ప్రయాణం చేస్తే "ఇంగ్లీషు సినిమా" అన్న మాటకి అర్థమే మారిపోయేది. మార్నింగ్ షోకి వేసేవారు, పోస్టర్ మీద పెద్ద 'ఎ' అక్షరం ఉండేది, హాల్లోకి వెళ్ళేవాళ్ళు తల దించుకుని వెళ్ళి బయటికి మాత్రం విడివిడిగా వచ్చేవారు. ఇంట్లో "ఇంగ్లీషు సినిమాకి వెళ్తున్నా" అంటే మా నానమ్మ చెప్పు వెతుక్కునేది. ఆ చెడ్డపేరు వదిలించింది డబ్బింగు సినిమాలే. 2007లో 'స్పైడర్ మ్యాన్ 3' మన దేశంలో హిందీ, తమిళం, తెలుగులతో పాటు భోజ్‌పురీలో కూడా విడుదలైంది. గోడ మీద తెలుగు అక్షరాలు కనబడేసరికి పిల్లల్ని వేసుకుని ఆడవాళ్ళు మ్యాట్నీకి రావడం మొదలైంది. ఇంగ్లీషు బొమ్మకి ఆడవాళ్ళ క్యూలైను, దానికంటే పెద్ద వింత ఆ సినిమాలో కూడా లేదు.

అయినా మనకి సూపర్ హీరోని ఎవరో పరిచయం చెయ్యాలా? అమెరికా వాళ్ళ సూపర్‌మ్యాన్ 1978లో వస్తే, రెండేళ్ళు తిరక్కుండా 1980లో ఎన్టీఆర్ 'సూపర్ మాన్' వచ్చేసింది. వాళ్ళవాడికి శక్తి వేరే గ్రహం నుంచి వచ్చింది, మనవాడికి ఆంజనేయస్వామి ఇచ్చాడు. మన జనానికి రెండోదే ఎక్కువ లాజిక్‌గా అనిపించింది. అంతకు చాలా ముందే, 1957లోనే 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో నడిచాడు, విఠలాచార్య సినిమాల్లో కత్తికాంతారావు చెయ్యని సాహసం లేదు. అందుకే హల్క్ మామూలు మనిషిలోంచి పచ్చగా పెరిగి పెద్దవుతుంటే సిటీలో "వీఎఫ్‌ఎక్స్ బాగుంది" అంటారు, ఊళ్ళో మాత్రం అది ఇంట్లో ఎరిగిన విషయమే. కోపమొస్తే పెరుగుతాడు. సరే, తర్వాత?

ఇన్ఫినిటీ వార్‌లో విలన్ థానోస్‌కి తెలుగులో గొంతు ఇచ్చింది రానా. మల్టీప్లెక్స్‌లో ఇది తెలిసినవాళ్ళు తెలుసు కాబట్టి ఊరుకున్నారు, తెలియనివాళ్ళు ఇంగ్లీషు ప్రింటుకి వెళ్ళారు. అనకాపల్లి హాల్లో ఆ ఊదారంగు మొహం మొదటి డైలాగు చెప్పీ చెప్పకముందే వెనక నుంచి ఎవడో "భల్లాలదేవా!" అని కేకేశాడు, హాలంతా ఈలలు. అక్కడినుంచి థానోస్ ఎవరు, ఎక్కడివాడు, ఆ రాళ్ళేమిటి అని ఒక్కడూ అడగలేదు. మన భల్లాలదేవుడే, ఈసారి ఇంకా ఎత్తుగా ఉన్నాడు, రాజ్యం కాకుండా లోకం మొత్తం కావాలంటున్నాడు. పద్దెనిమిది సినిమాల వెనకటి కథని ఒక్క గొంతు పూడ్చేసింది. డబ్బింగు అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఆ రాత్రి ఇంగ్లీషు ప్రింటు అక్కడ పడి ఉంటే సగం మంది ఇంటర్వెల్‌లోనే ఇంటికి పోయేవాళ్ళు.

క్లైమాక్స్‌లో మాత్రం హాలు బిక్కచచ్చిపోయింది. విలన్ గెలిచి, గుడిసె ముందు కూర్చుని సూర్యుణ్ణి చూస్తుంటే సినిమా అయిపోవడమేంటి? నా ముందు వరసలో తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన ఒకాయన, బెల్లం మార్కెట్‌కి వచ్చి ఉండిపోయినట్టున్నాడు, పక్కనున్న మనవణ్ణి "ఏటీ, ఓడిపోనారా?" అని అడిగాడు. "రెండో పార్టు ఉంది తాతా." "ఎప్పుడు?" "వచ్చే ఏడు." ఆయన సరేనని తలూపి తలపాగా చుట్టుకున్నాడు. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోడానికి 2015 నుంచి 2017 దాకా ఆగిన జనం ఇది, వాళ్ళకి ఒక ఏడాది లెక్కేంటి? హాలీవుడ్ వాళ్ళు ఆ ముగింపు పెట్టడానికి చాలా ధైర్యం చేశామని చెప్పుకుని ఉంటారు. వాళ్ళకి తెలీదు, మా వాళ్ళని రాజమౌళి అప్పటికే రెడీ చేసి పెట్టాడని.

ఇక ఇంటర్వెల్ సంగతి. వాళ్ళ సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు, మనకి లేకపోతే కుదరదు. టికెట్టులో డిస్ట్రిబ్యూటరు వాటా, పన్నులు పోగా ఊరి హాలు ఓనరు చేతికి నిజంగా మిగిలేది క్యాంటీనులోనూ, బళ్ళ స్టాండులోనూ. అందుకని సినిమాని మధ్యలో ఎవరో ఒకరు ఎక్కడో ఒక చోట కొయ్యాలి. మన డైరెక్టర్లు ఆ చోటు కోసమే కథ రాసుకుంటారు, ఇంటర్వెల్ బ్యాంగ్ అని దానికో పేరు కూడా ఉంది. వాళ్ళ బొమ్మలో అది ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. ఇన్ఫినిటీ వార్ రెండో పార్టు 'ఎండ్‌గేమ్' మూడు గంటల ఒక్క నిమిషం. మధ్యలో ఐరన్ మ్యాన్ ఏదో ముఖ్యమైన మాట చెప్పడానికి నోరు తెరిచాడు, మాట బయటికి రాకముందే తెర మీద ఊళ్ళోని బట్టల షాపు యాడ్ పడింది. జనం ఒక్కసారిగా నవ్వి సమోసాలకి లేచారు. పది నిమిషాల తర్వాత మళ్ళీ అదే నోరు, అదే తెరుచుకోవడం, ఈసారి మాట వచ్చింది, ఎవడో "ఏటి బావా, సమోసా తిన్నావా" అన్నాడు. ఓటీటీలో ఇంకో రెండుసార్లు చూశాను ఆ సీను. సమోసా గుర్తొచ్చి నవ్వు ఆగదు.

ఇలా చెప్పుకుంటూ పోతే ఊరి హాళ్ళు స్వర్గమని అనుకుంటారేమో, కాదు. బొమ్మ సంగతి తీసుకోండి. ప్రొజెక్టర్‌లో జినాన్ ల్యాంపు వాడే కొద్దీ వెలుగు తగ్గుతుంది, మార్చాలంటే ఖర్చు, వారానికి నాలుగు హౌస్‌ఫుల్ షోలు కూడా లేని ఓనరు దాన్ని కొనఊపిరి దాకా లాగుతాడు. పగలు జరిగే కథ అయితే ఫర్వాలేదు. కానీ ఈ సూపర్ హీరోలకి రాత్రి తప్ప పని ఉండదు, వాన లేకుండా ఫైటు ఉండదు, బట్టలు చూస్తే నలుపు. ఒక హాల్లో నేను బ్యాట్‌మ్యాన్ సినిమా చూశాను అనడం కంటే విన్నాను అనడం న్యాయం. దభీమని చప్పుడు, ఎవడో మూలిగాడు, ఎవరు ఎవర్ని కొట్టారో పక్కవాణ్ణి అడగాలి. త్రీడీ అయితే మరీ ఘోరం, కళ్ళజోడు పెట్టగానే ఉన్న వెలుగులో సగానికి పైగా అదే మింగేస్తుంది. ఆ కళ్ళజోళ్ళు ఎవరెవరి ముక్కుల మీంచి వచ్చాయో అన్న ఆలోచన ఒకటి. నేను కర్చీఫ్ తీసుకెళ్ళి తుడుచుకుంటాను, దాంతో గీతలు ఇంకా బాగా కనిపిస్తాయి.

మరి మంచి ప్రొజెక్టరు పెట్టొచ్చు కదా అంటే, దాని వెనక పెద్ద కథే ఉంది. రీళ్ళ డబ్బాల కాలం పోయి యూఎఫ్‌ఓ, క్యూబ్ లాంటి డిజిటల్ సిస్టంలు వచ్చాక చిన్న ఊళ్ళకి పెద్ద మేలు జరిగింది, తెలుగు సినిమా హైదరాబాద్‌లో పడిన రోజే నర్సీపట్నంలోనూ పడుతోంది. కానీ హాలీవుడ్ స్టూడియోలు 2002లో డీసీఐ అని ఒక గుంపు కట్టి, 2005లో డిజిటల్ ప్రొజెక్షన్‌కి కొన్ని కొలతలు ఖాయం చేశాయి, బొమ్మ స్పష్టత కనీసం 2కె ఉండాలి, ఫైలుకి తాళం ఉండాలి, ఆ తాళంచెవి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకానే పనిచెయ్యాలి. మన చిన్న హాళ్ళు చాలావాటిలో మొదట పెట్టింది దానికంటే చవక సరుకు. మన సినిమాలకి అది చాలు, వాళ్ళ సినిమాలకి చాలదు. అంటే స్పైడర్ మ్యాన్ మొదటి రోజు మా జిల్లాలో ఏ ఊరికి వస్తాడన్నది ఆ ఊరి జనాన్ని బట్టి కాదు, హాలు కేబిన్‌లో ఉన్న పెట్టెని బట్టి. ఆ పెట్టె మార్చినా, వారం మధ్యలో పెద్ద హీరో సినిమా వస్తే ఇంగ్లీషు బొమ్మని తీసేస్తారు. ఇన్ఫినిటీ వార్ వచ్చేటప్పటికి ఇక్కడ 'రంగస్థలం' ఇంకా ఆడుతోంది, 'భరత్ అనే నేను' అప్పుడే వారం అయింది. ఆ రెండిటి మధ్యలో థానోస్ కూడా నెమ్మదిగా పక్కకి జరగాల్సిందే.

2021 డిసెంబర్ అయితే మరీ విచిత్రం. 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' మన దేశంలో 16న వచ్చింది, 17న 'పుష్ప'. ఒక్క రోజు తేడా. అప్పుడే ఆంధ్రాలో టికెట్ రేట్ల గొడవ కూడా, ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి అయిదు, పది, పదిహేను రూపాయలు. పార్కింగ్ టికెట్ కంటే సినిమా టికెట్టు చవక. వినడానికి ప్రేక్షకుడికి పండగే, కానీ అయిదు రూపాయలకి ఏ ల్యాంపు వెలుగుతుంది? కొందరు ఓనర్లు తాళాలు వేసుకున్నారు. 2022 మార్చిలో రేట్లు సవరించారు గానీ, ఆ మధ్యలో కోవిడ్ దెబ్బ మీద ఈ దెబ్బ పడి లేవని హాళ్ళు ఉన్నాయి. నాకు తెలిసిన ఒకటి ఫంక్షన్ హాలైంది. లోపలికి వెళ్తే నేల ఇంకా వాలుగానే ఉంటుంది, పెళ్ళి భోజనాల బల్ల మీద సాంబారు గిన్నె తెర వైపుకి జారుతుంటుంది.

సరే, ఇంతకీ నా అసలు బాధ. ఎండ్‌గేమ్ దాకా ఊరి హాళ్ళని నింపిన ఈ బొమ్మలు తర్వాత ఎందుకు మాయమయ్యాయి? ఓటీటీ వచ్చింది, కోవిడ్ వచ్చింది, అవన్నీ నిజమే. కానీ హాల్లో కూర్చుని నేను చూసింది వేరు. 2022 మే నెలలో రెండో 'డాక్టర్ స్ట్రేంజ్' వచ్చినప్పుడు మా అక్క కొడుకుని తీసుకెళ్ళాను. సినిమాలో ఒకావిడ పిల్లల కోసం ఏడుస్తోంది, ఆ పిల్లలు ఎవరు, ఎప్పుడు పుట్టారు, ఎక్కడికి పోయారు, హాల్లో ఎవరికీ తెలీదు. మా వాడు నా చెవిలో "అది 'వాండావిజన్'లో ఉంది మామయ్యా, సిరీస్" అన్నాడు. ఆ సిరీస్ చూడాలంటే ఓటీటీకి డబ్బు కట్టాలి, తొమ్మిది ఎపిసోడ్లు చూడాలి, అప్పుడు ఈ టికెట్టు కొనాలి. ఇది సినిమానా, హోంవర్కా? ముందు వారాల్లో అదే హాల్లో 'ఆర్ఆర్ఆర్', 'కేజీఎఫ్ 2' చూసి గొంతులు పోగొట్టుకున్న జనం ఈ బొమ్మకి ఫోన్లు తీశారు. నీలి వెలుగులు వరస వరసా పాకాయి. ఊరి ప్రేక్షకుడు కథ అర్థం కాలేదని రివ్యూ రాయడు, రేపటి నుంచి రావడం మానేస్తాడు, అంతే. 2023లో 'ది మార్వెల్స్'కి కూడా అదే తంతు, ఆ కథ తెలియాలంటే 'వాండావిజన్'తో పాటు 'మిస్ మార్వెల్' సిరీస్ కూడా చూసి ఉండాలి.

రెండో సంగతి, ఇది ఇంకా ముఖ్యం అనిపిస్తుంది నాకు. 2004లో వచ్చిన రెండో 'స్పైడర్ మ్యాన్'లో రైలు సీను గుర్తుందా? అతను రైలుని ఆపి సొమ్మసిల్లి పడిపోతే, పెట్టెలోని మామూలు మనుషులు చేతుల మీద మోసి లోపల పడుకోబెడతారు. మాస్క్ లేని మొహం చూసి ఒకాయన, వీడు కుర్రాడే, మా అబ్బాయంత ఉంటాడు అంటాడు. ఆ సీనుకి ఊరి హాలు ఎలా ఊగిపోతుందో చూడాలి, ఎందుకంటే తెర మీద ఉన్నది వాళ్ళే, ఆ రైలు పెట్టెలో ఉన్నవాళ్ళు. ఇప్పటి సినిమాల్లో ఫైటు అంతరిక్షంలో జరుగుతుంది, లేదా ఖాళీ చేయించిన సిటీలో. కాపాడటానికి జనమే లేరు. జనం లేని సినిమాకి జనం రాలేదంటే ఆశ్చర్యపోతారేంటి.

అందుకే 2024 సంక్రాంతికి 'హను-మాన్' ఆడితే నాకు ఆశ్చర్యం కలగలేదు. జనవరి 12న మహేశ్ బాబు 'గుంటూరు కారం' ఉన్న రోజే వచ్చింది, మొదట్లో హాళ్ళే దొరకలేదు, జనం అడిగి అడిగి పెంచుకున్నారు. అంజనాద్రి అనే ఊరు, చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు, దొరికిన ఒక మణి, చుట్టూ ఊరి జనం. ముందు చూసి రావాల్సింది ఏమీ లేదు, వెనకటి కథ మొత్తం నానమ్మలు చెప్పేసి ఉన్నారు. విలన్‌ని భలే పెట్టాడు ప్రశాంత్ వర్మ, చిన్నప్పట్నుంచి కామిక్స్ పిచ్చి, సూపర్ హీరోలకి అమ్మానాన్నా ఉండరు కాబట్టి తన వాళ్ళనే చంపుకునే రకం. అంటే హాలీవుడ్ ఫార్ములా మొత్తం విలన్ నెత్తిన రుద్దేశాడు. సెకండాఫ్ సాగింది, కామెడీ కొన్నిచోట్ల పాతబడిపోయింది, అవన్నీ ఉన్నాయి. కానీ ఆఖర్న స్వామి కదిలినప్పుడు నేను చూసిన హాల్లో చెప్పులు విప్పి నిలబడ్డవాళ్ళున్నారు. ఏ స్టూడియో మార్కెటింగ్ టీము ఆ సీను కొనగలదు?

అయితే సంబరం ఎక్కువ పడక్కర్లేదు. ఆ సినిమా చివర కూడా తర్వాతి పార్టు ప్రకటన ఉంది. 'కల్కి' వాళ్ళు యూనివర్స్ అన్నారు, అంటే ఒకదానికొకటి ముడిపెట్టిన సినిమాల వరస, తమిళంవాళ్ళకో యూనివర్స్, మలయాళం 'లోకా' కూడా పేరులోనే మొదటి చాప్టర్ అని పెట్టుకుని వచ్చింది. 'కల్కి'లో అశ్వత్థామ ఎవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి బతికిపోయింది. మనవాళ్ళు కూడా రేపు ఈ పార్టు అర్థం కావాలంటే ఆ సిరీస్ చూడండి అన్నారంటే, నర్సీపట్నం సెకండ్ షోలో మళ్ళీ ఫోన్ల వెలుగే.

కొత్త ఎవెంజర్స్ 'డూమ్స్‌డే' 2026 డిసెంబర్ 18 అని ప్రకటించారు. మా అక్క కొడుకు అప్పుడే నాకు వాట్సాప్‌లో లిస్టు పంపాడు, ఈలోగా చూడాల్సిన సినిమాలు, సిరీస్‌లు, ఏది తర్వాత ఏదో వరసతో సహా, కింద "మస్ట్ మామయ్యా" అని. దాన్లో ఒక్కటి కూడా చూసే ఉద్దేశం నాకు లేదు. వాడు వైజాగ్‌లో త్రీడీలో చూసుకుంటాడు. నేను తెలుగు ప్రింటు, టూడీ, అనకాపల్లికి వస్తే అక్కడ, రాకపోతే విజయనగరం. విలన్‌కి ఈసారి తెలుగులో గొంతు ఎవరిస్తారో అదొక్కటే కనుక్కోవాలి.